మనోళ్ల గురించి మనకి తెలియదా ఏంటి!

సోషియాలజీ, అంటే సమాజశాస్త్రం, చదువుతున్నానని గోదావరి జిల్లాల్లో ఎవరికైనా చెప్పి చూడండి. కుర్రాళ్లయితే "సివిల్స్‌కా?" అంటారు. ఇంట్లో ఆడవాళ్లు "అంటే సమాజసేవ లాంటిదా అమ్మా?" అంటారు. కాస్త లోకం చూసిన పెద్దాయన ఎవరైనా ఉంటే మాత్రం నవ్వేసి, "మనోళ్ల గురించి మనకి తెలియదా ఏంటి! దానికో డిగ్రీయా?" అంటారు. మనుషుల మధ్య ఉండి వాళ్ల బతుకు తీరుని చదివే ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఆ పేరు వినగానే తవ్వకాలు, ఎముకలు అనుకుని ఊరుకుంటారు.

మొదటి రెండు మాటలకీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నా పేచీ అంతా ఆ పెద్దాయనతోనే. ఎందుకంటే ఆయన అన్నదాంట్లో చాలా నిజం ఉంది.

పాలకొల్లులో రాజోలు బస్సెక్కండి. చించినాడ వంతెన దాటేసరికి పక్క సీటావిడకి మీ ఊరు, ఇంటిపేరు, పెళ్లయిందీ లేనిదీ, మీ ఆయన ఉద్యోగం, జీతం అన్నీ తెలిసిపోతాయి. "ఏ ఊరండీ మనది?" అన్నది మొదటి ప్రశ్న. "ఎవరి తాలూకండీ?" అన్నది రెండోది. కులం అడగరు, అడగాల్సిన పనే పడదు. మీ ఊళ్లో రామాలయం వీధి గురించో, చర్చి పక్క ఇళ్ల గురించో ఓ మాట కదిపితే మీరు ఎటువైపువాళ్లో మీ జవాబులోనే తేలిపోతుంది. ఇంకాస్త టైముంటే మీ మేనత్త తోటికోడలికీ ఆవిడగారి వియ్యపురాలికీ చుట్టరికం కలిపేస్తారు. పరిశోధనకి వచ్చిన పరాయి మనిషికి ఈపాటి సమాచారం పోగెయ్యడానికి నెలలు పడుతుంది. ఎం.ఏ.లో నాతో చదివిన ఢిల్లీ అమ్మాయి ఒకతె, కులం అంటే ఏమిటో యూనివర్సిటీకి వచ్చాకే తెలిసిందని చెబితే నేను నోరెళ్లబెట్టాను. మా ఊళ్లో ఆరేళ్ల పిల్లకి ఎవరింట్లో మంచినీళ్లు తాగొచ్చో తెలుసు.

కాబట్టి డెల్టా పిల్లలకి సమాజం తెలియదని నేను అనను. అయితే ఆ తెలివి ఒక పని కోసం అలవడింది. పిల్లనివ్వాలా వద్దా, అప్పిస్తే తిరిగొస్తుందా, పొలం ఎవరికి కౌలుకిస్తే గొడవ లేకుండా ఖాళీ చేస్తాడు, ఈ వార్డులో మనకెన్ని ఓట్లు, ఇలాంటివి తేల్చుకోవడానికి. ఆ పనికి అక్కర్లేనిది ఆ లెక్కలోకి రాదు. లోపలికి వస్తే మనకే ఇబ్బంది అనుకున్నది అసలే రాదు. ఈ చదువు అక్కడ కావాలి. అందరికీ తెలిసి కూడా ఎవరూ లెక్కలోకి రానివ్వనిది ఏమిటో పట్టుకోవడానికి. నాకు ఆ సంగతి లేసు అల్లికతో అర్థమైంది.

మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యి గిన్నెలు సర్దుకున్నాక అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చునేది. ఎడమచేతి చూపుడువేలికి దారం రెండు చుట్లు చుట్టుకునేది. కుడిచేతిలో కొక్కెం ఉన్న సన్నటి సూది. చేతులవైపు చూసేది కాదు. వీధిలో పోయేవాళ్లని పలకరిస్తూ, మా చేత ఎక్కాలు చెప్పిస్తూ అల్లుకుంటూ పోయేది. ఒక్కో పువ్వూ పూర్తవగానే తుంచి ఒళ్లో వేసుకునేది. దీపాలు పెట్టేవేళకి ఒళ్లో పూలు గుట్టగా ఉండేవి, కళ్లు ఎర్రగా ఉండేవి. దారం ఇచ్చి వెళ్లిన ఏజెంటు వారానికోసారి వచ్చి పూలన్నీ చాపమీద పోసి లెక్కపెట్టేవాడు. చెమట మరక అంటినవి పక్కకి తోసేవాడు, వాటికి డబ్బులుండవు. మిగతావాటికి చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టి, కొత్త దారం ఇచ్చి వెళ్లేవాడు.

ఆ డబ్బుని మా ఇంట్లో ఎవరూ సంపాదన అనలేదు. "ఊరికే కూర్చోలేక ఏదో కాలక్షేపం" అనేవారు. అమ్మమ్మే అలా అనేది. ఇంటికి ఎవరైనా వచ్చి ఏం చేస్తారని అడిగితే తాతయ్య "ఆవిడ ఇంట్లోనే ఉంటారండీ" అని చెప్పేవారు. రికార్డుల్లో ఎక్కింది కూడా అదే.

యూనివర్సిటీ లైబ్రరీలో ఒకరోజు అలమరాలో పుస్తకం వీపు మీద మా ఊరి పేరు కనిపించింది. 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్.' మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు మా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, మా అమ్మమ్మ లాంటి ఆడవాళ్ల అరుగుల మీద కూర్చుని రాసిన పుస్తకం. 1982లో అచ్చయింది. ప్రపంచమంతా స్త్రీవాద చదువుల్లో దాన్ని పాఠంగా చెబుతారు. నరసాపురంలో బజారు మధ్యలో నిలబడి అడిగితే దాని పేరు విన్నవాళ్లు ఎంతమంది దొరుకుతారో నాకు అనుమానమే.

మీస్ చేసింది పైకి చూస్తే చాలా మామూలు పని. ఆడవాళ్లు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో గంటలవారీగా రాసుకుంది. పువ్వు దగ్గర మొదలుపెట్టి ఏజెంటు, వ్యాపారి, ఎగుమతిదారు, విదేశీ దుకాణం దాకా దారం వెంట వెళ్లింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు పేద క్రైస్తవ స్త్రీలకి నేర్పిన పని తర్వాత కాపుల ఇళ్లలోకి ఎలా వచ్చిందో రాసింది. అల్లేది ఆడవాళ్లు, అమ్మేది మగవాళ్లు. అల్లేవాళ్లు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా లెక్కల్లో గృహిణులు. గృహిణి కాలక్షేపానికి చేసే పని కాబట్టి ఎంతిచ్చినా ఎక్కువే. అలా పొలంలో నాట్లేసే కూలి ఆడమనిషికి చట్టం చెప్పిన కనీస వేతనం కన్నా కూడా తక్కువ గిట్టేది. పైగా "మా ఇంటి ఆడవాళ్లు పొలంలోకి దిగరు" అన్న పరువు ఒకటి. ఆ పరువే కూలి పెరగకుండా తొక్కిపట్టిందని మీస్ చూపించింది. గడప దాటని మనిషి వేరే చోట బేరమాడలేదు కదా.

ఇందులో మా అమ్మమ్మకి తెలియని సంగతి ఒక్కటీ లేదు. ఏజెంటు ఎంత మిగుల్చుకుంటాడో ఆవిడకి పైసలతో సహా తెలుసు. పొలం పనికెళ్లే ఆడవాళ్లకి ఎంత కూలి వస్తుందో తెలుసు. తనకెంత వస్తుందో తెలుసు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం ఎవరూ చేయలేదు. చేస్తే తాతయ్య పరువు మాట తేలాలి, ఏజెంటు లాభం తేలాలి, ఎంతో గౌరవమైన కుటుంబాలని మేము అనుకునే ఎగుమతిదారుల మేడలు ఎలా లేచాయో తేలాలి. అంత తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు?

మీస్‌తో నాకు పూర్తిగా పొత్తు కుదరదు, అది కూడా చెప్పాలి. ఆవిడ పుస్తకంలో ఆ ఆడవాళ్లు ఎక్కువ చోట్ల మోసపోయినవాళ్లుగానే కనిపిస్తారు. మా అమ్మ టెన్త్ ఫీజు లేసు డబ్బుతో కట్టారు, తాతయ్యకి చెప్పకుండా. ఆ చిల్లర చేతిలో ఉన్నందుకు అమ్మమ్మకి ఇంట్లో దక్కిన మాట విలువ గంటల పట్టికలో దొరకదు. కానీ ఈ మాట అనగలిగే చోటికి నన్ను తీసుకొచ్చింది కూడా ఆ పట్టికే. ఈమధ్య నరసాపురం లేసుకి జీఐ (ఇది ఫలానా చోటి సరుకేనన్న భౌగోళిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి అందరూ వాట్సాప్‌లో షేర్ చేశారు. పువ్వుకి ఎంతిస్తున్నారన్నది ఆ మెసేజీల్లో లేదు.

ఇప్పుడు నేను ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతున్నాను. ఎలా చెబుతున్నామో కూడా చెబితేగాని ఈ వాదన పూర్తి కాదు. గైడ్ల మీద నడిచే చదువు మాది. సమాజం అంటే సామాజిక సంబంధాల అల్లిక అని మెకైవర్ అనే సోషియాలజిస్టు నిర్వచనం, ఐదు లక్షణాలు, ముగింపు. మన దేశపు సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన 'ఆధిపత్య కులం' అన్న భావన పది మార్కుల ప్రశ్న. సంఖ్యాబలం ఉండాలి, ఊళ్లో భూమి ఎక్కువ చేతిలో ఉండాలి, రాజకీయ బలం ఉండాలి, కులాల వరుసలో మరీ కిందుండకూడదు, ఆ తర్వాత చదువు, ఉద్యోగాలు కూడా చేరాయి. పిల్లలు చక్కగా రాస్తారు. ఉదాహరణ అడిగితే మైసూరు దగ్గర రాంపుర అనే ఊరు, అక్కడి ఒక్కలిగలు అనే రైతు కులం. శ్రీనివాస్ 1948లో అక్కడికెళ్లి ఉన్నారని కూడా రాస్తారు. (1970లో అమెరికాలో ఉన్నప్పుడు అగ్నిప్రమాదంలో ఆయన సిద్ధం చేసుకున్న నోట్సు కాలిపోయి, తర్వాత ఎక్కువగా జ్ఞాపకం మీదే పుస్తకం రాశారన్న కథ మా వాళ్లకి మరీ ఇష్టం. నోట్సు పోయినా పాసవ్వచ్చని ధైర్యం కాబోలు.)

"సరే, మీ ఊళ్లో ఎవరు?" అని అడుగుతాను. క్లాసంతా బల్లల వైపు చూస్తుంది. జవాబు అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు. బయట పార్కింగులో నిలబెట్టిన బళ్ల మీద స్టిక్కర్లు చూస్తే నాకూ తెలుస్తుంది. ఏ సెంటర్లో ఏ ఫ్లెక్సీ ఎవరిదో చెప్పమంటే నిద్రలో లేపినా చెబుతారు. రాంపుర గురించి రాయడానికి లేని జంకు పాలకొల్లు గురించో అంబాజీపేట గురించో మాట్లాడటానికి ఎందుకొస్తుంది? పక్క బెంచీలో దళితుల పేట నుంచి వచ్చిన పిల్లవాడు ఉన్నాడు. మనోళ్ల పేరు చెబితే మనోళ్లు ఏమనుకుంటారో. "మేడం, అవన్నీ ఎందుకండీ, పరీక్షలో రావు కదా" అని ఎవరో ఒకరు ఆదుకుంటారు. లెక్చరర్లం మేమూ ఊపిరి పీల్చుకుని తర్వాతి పేజీ తిప్పుతాం. టెన్షన్ మాకూ ఉంటుంది, స్టాఫ్ రూములోనూ అవే బెంచీలు.

2022 మే 24న అమలాపురం తగలబడింది. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద గొడవ. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు కాల్చారు. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. ఆ తర్వాతి పరీక్షల్లో కులం మీద మామూలుగానే పది మార్కుల ప్రశ్న వచ్చింది. నేను దిద్దిన కట్టలో ఒక్క పేపర్లో కూడా అమలాపురం మాట లేదు. అన్నింట్లో రాంపురే.

ఆ పేరు గొడవలో ఒక సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కులం మీద అంబేడ్కర్ తొలి వ్యాసం చదివింది ఆంత్రోపాలజీ క్లాసులోనే. 1916 మే 9న, న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ అనే ప్రొఫెసర్ సెమినార్‌లో. అప్పటికి ఆయనకి 25 ఏళ్లు. కులం అంటే నాలుగు పక్కలా మూసుకున్న వర్గం అని, ఆ మూత స్వకుల వివాహమేనని, ఆ మూత ఊడిపోకుండా ఉండటానికే సతి, వితంతువు మళ్లీ పెళ్లాడకూడదనే కట్టడి, బాల్య వివాహం పుట్టుకొచ్చాయని అందులో వాదించారు. మా క్లాసులో దాన్ని చదివిస్తే ఓ అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "అంటే మేడం, కులం పోవాలని మాట్లాడేవాళ్లు పెళ్లి గురించి మాట్లాడకపోతే లాభం లేదనా అండీ?" నాకు తెలిసి ఆ ఏడాది మా కాలేజీలో పుట్టిన అసలైన సోషియాలజీ ప్రశ్న అదొక్కటే. మార్కులు లేవు దానికి.

కులం గురించి నేరుగా అడిగితే మూసుకుపోయే క్లాసు కోడిపందెం అంటే తెరుచుకుంటుంది. ఆ దారి నాకు క్లిఫర్డ్ గీర్జ్ చూపించాడు. అమెరికన్ ఆంత్రోపాలజిస్టు. 1958లో భార్యతో కలిసి ఇండొనేషియాలో బాలి ద్వీపంలో ఒక ఊరికి వెళ్తే మొదట్లో అక్కడివాళ్లు వీళ్లని మనుషుల్లానే చూడలేదట. పక్కనుంచి గాలి వెళ్లినట్టు వెళ్లిపోయేవారట. ఓ రోజు స్కూలు కోసం డబ్బు పోగెయ్యడానికి ఊరి మధ్యలో కోడిపందేలు పెట్టారు. నిషేధం ఉంది కనుక లారీ నిండా పోలీసులు దిగారు. జనం పరుగో పరుగు. గీర్జ్ దంపతులు కూడా చూపించడానికి కాగితాలున్న పెద్దమనుషుల్లా నిలబడకుండా ఊరివాళ్లతో పాటే పరిగెత్తి ఎవరింట్లోనో దూరారు. మర్నాటి నుంచి ఊరంతా వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. 1972లో ఆయన అచ్చువేసిన వ్యాసం ఆ కథతో మొదలవుతుంది.

భోగి ముందు పోలీసులు కత్తులు స్వాధీనం చేసుకోవడం, 1974 నాటి జూదం చట్టం, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అంటూ ప్రకటనలు, ఆ తర్వాత మూడు రోజులు బరులు ఆగకుండా నడవడం చూస్తూ పెరిగినవాళ్లకి ఆ మొదటి పేజీ చదివితే కలిగే ఆనందం వేరు. పాఠం చెప్పకముందే సగం క్లాసు గీర్జ్‌ని సవరించడం మొదలుపెడుతుంది. బాలిలో పెద్ద పందెం ఇద్దరు యజమానుల మధ్య సరిసమానంగా ఉంటుంది, చుట్టూ జనం వేసుకునే పైపందేలకి రేట్లు మారతాయి అని చెబితే, మా దగ్గరా అంతేనండీ అని వివరాలు చెబుతారు. తన బంధువర్గం పుంజుకి వ్యతిరేకంగా బాలి మనిషి పందెం కాయడని గీర్జ్ రాశాడంటే, "మావోళ్లయితే డేగా, కాకా, నెమలా, ఆ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చూసుకుని కాస్తారండీ, చుట్టరికం చూడరు" అని ఒకడు. "అబద్ధం, మీ మావయ్య పుంజు మీద మీరు ఎదురు కాస్తారా?" అని ఇంకొకడు. ఇదే తెలుగు మీడియం పిల్లలు నోరు విప్పరని స్టాఫ్ రూములో మేము బాధపడుతుంటాం.

సంక్రాంతి సెలవులకి నేనిచ్చే పని ఒకటే. పందెం కాయకూడదు, ఎవరి పేర్లూ రాయకూడదు, పుంజుల వైపు చూడకూడదు. మనుషుల వైపు చూసి రాయాలి. కుర్చీలు ఎవరికి, గట్టు మీద నిలబడేది ఎవరు, కత్తి కట్టేది ఎవరు, చదును చేసిన ఆ పొలం ఎవరిది, ఎల్‌ఈడీ స్క్రీన్ వైపు తిరిగిన సోఫాల్లో ఎవరున్నారు. మగపిల్లలు నాలుగైదు పేజీలు రాసుకొస్తారు. ఎంత చెప్పినా సగం పుంజులే ఉంటాయి.

వచ్చినవాటిలో నాకు గుర్తుండిపోయింది మాత్రం పందెం ఒక్కటి కూడా చూడని అమ్మాయి రాసింది. బరి దగ్గరకి ఆడపిల్లని రానివ్వలేదు. బయట పకోడీల కొట్టు పెట్టుకున్న ఆవిడ దగ్గర కూర్చుంది. ఆ మూడు రోజులకి కొట్టు జాగాకి ఎంత కట్టాలి, ఎవరికి కట్టాలి, రసీదు ఇస్తారా, నూనె అప్పు ఎక్కడ తెచ్చింది, పందెంలో గెలిచినవాడు పకోడీలు కొని చిల్లర వదిలేస్తాడా లేక ఓడినవాడు వదిలేస్తాడా అని అడిగి రాసింది. (గెలిచినవాడు వదిలేస్తాడట. ఓడినవాడు అప్పు పెడతాడట.) కనుమ సాయంత్రం లెక్క చూసుకుంటే కొట్టావిడకి మిగిలింది ఆ మూడు రోజుల కూలి కన్నా కాస్త ఎక్కువ. బరి ఎవరిదో, ఆ ఊళ్లో పెత్తనం ఎవరిదో, ఒక్క కులం పేరు రాయకుండా ఆ నాలుగు పేజీల్లో కనిపించింది.

గీర్జ్ వ్యాసం ఎంత అందంగా ఉన్నా, అందులో ఈ కొట్టావిడ లేదు. పందెం అంటే మగవాళ్ల పరువు గురించి మగవాళ్లు తమకి తాము చెప్పుకునే కథ అని ఆయన చదివాడు. మా దగ్గర పరువుతో పాటు డబ్బు చాలా నిజంగా చేతులు మారుతుంది. పొలం తాకట్టు పెట్టి కాసినవాడికి అది కథ కాదు. ఈ మాట డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలు గీర్జ్ మీద అనగలగడం నాకు ఎంతో ఇష్టం.

ఈ శాస్త్రాలేమీ కడిగిన ముత్యాలు కావు. మద్రాసు మ్యూజియం నడిపిన ఎడ్గర్ థర్స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలతబద్దలతో కొలిచి, 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. ముక్కు వెడల్పుని బట్టి మనిషి స్థాయి తేల్చొచ్చని నమ్మిన కాలం అది. అంతకుముందే 1871లో కొన్ని కులాలని పుట్టుకతోనే నేరస్తులని చట్టంలో రాసేశారు. పాలించడానికి పుట్టిన లెక్కలు అవి. మనల్ని కొలిచిన శాస్త్రం మనకెందుకు అని ఎవరైనా అంటే వాళ్ల కోపం నాకర్థమవుతుంది. నా జవాబల్లా, కొలబద్ద ఎవరి చేతిలో ఉందన్నది కూడా ఈ చదువులోనే నేర్చుకుంటాం. వదిలేస్తే అది పాతవాళ్ల చేతిలోనే ఉండిపోతుంది.

పై ఊళ్ల సంగతి ఒకటుంది. పాపికొండల నడుమ గోదావరి ఒడ్డున కొండరెడ్లు అనే గిరిజనుల మధ్య ఉండి ఆస్ట్రియన్ ఆంత్రోపాలజిస్టు ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1945లో పుస్తకం వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి శత్రుదేశపు పౌరుడని ఆయన్ని నైజాం రాజ్యం దాటనివ్వలేదు. ఆ నిర్బంధమే ఆయన్ని ఈ కొండల్లో తిప్పింది. ఆయన చూసిన గట్లలో చాలా భాగం ఇప్పుడు పోలవరం ముంపులో ఉంది. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. ఆ నీళ్లు వచ్చేది దిగువకి, మన కాలవల్లోకి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకుని మొక్కుతున్న డెల్టాలో, పునరావాస కాలనీ ఒక్కటైనా చూసొచ్చిన డిగ్రీ పిల్లవాడు అరుదు. పాపికొండల లాంచీ ఎక్కి సెల్ఫీలు దిగినవాళ్లయితే క్లాసు నిండా ఉంటారు.

ఇంక ఉద్యోగం. అబద్ధం చెప్పను, బీటెక్ చేసిన మీ పక్కింటి అబ్బాయి జీతం ఈ డిగ్రీతో వెంటనే రాదు. సివిల్స్‌లో ఈ రెండూ ఇష్టపడి తీసుకునే ఆప్షనల్సే, రెండు పేపర్లకి కలిపి 500 మార్కులు. గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో భారతీయ సమాజం అన్న విభాగం ఉంది. సర్వేలు, స్వచ్ఛంద సంస్థలు, పునరావాస పనులు, కంపెనీల్లో వినియోగదారుల అధ్యయనాలు ఉన్నాయి. కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని ఈ సబ్జెక్టు పేరైనా బతికి ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ బతుకు బుల్లెట్ పాయింట్ల బతుకు. అక్కడ కూడా రాంపురే.

పని మాత్రం ముంచుకొస్తోంది. వచ్చే జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. కులాలన్నిటినీ లెక్కపెట్టి అచ్చువేసిన చివరి జనగణన 1931 నాటిది. ఇన్నేళ్ల తర్వాత ప్రతి గడపలోనూ ఆ ప్రశ్న అడగబోతున్నారు. డెల్టాలో అది ఎంత చిక్కు ప్రశ్నో ఊహించండి. ఆదివారం చర్చికెళ్లే ఇంటివాళ్లు కాగితం మీద హిందువులు, ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు. మతం ఏమిటని అడిగితే ఆ ఇంటాయన ముందు మీ మొహం చూస్తాడు, మీ వెనక ఎవరొచ్చారో చూస్తాడు, తర్వాత చెబుతాడు. అలాగే "మీకు పొలం ఎంత?" అని అడిగితే ఒక జవాబు, "ఈ సార్వాకి (తొలకరి పంటకి) ఎంతలో నాట్లేశారు?" అని అడిగితే ఇంకో జవాబు. సాగు చేసేది కౌలుదారు, పాస్‌బుక్ హైదరాబాదులో ఉన్న ఆసామిది, కౌలు నోటిమాట. 2011లోనూ 2019లోనూ కౌలుదారులకి కార్డులిచ్చే చట్టాలొచ్చాయి. రెండో చట్టంలో కార్డు రావాలంటే ఆసామి ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే పొలం మీద హక్కు అడుగుతాడేమోనని ఆసామి భయం. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (ఆ సీజన్‌కి పంట వెయ్యమని చెప్పి పొలాలు వదిలెయ్యడం) ప్రకటించినప్పుడు ఆ రైతు అనే మాటలో ఆసామి ఉన్నాడు, కౌలుదారు కొంత ఉన్నాడు, నాట్ల కూలీ లేదు. ఆమెకి ఆ ఏడాది హాలిడే ఎలా గడిచిందో ఎవరు అడిగారు?

అడిగే సాధనం మన చేతిలోనే ఉంది, వృథాగా. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. ఊళ్లోకి వెళ్లి సర్వే చేసి రిపోర్టు ఇవ్వాలి. జరిగేది అందరికీ తెలుసు. జిరాక్స్ సెంటర్లో కూర్చుని పాత రిపోర్టు తెచ్చుకుని, ఊరి పేరు మార్చి, సర్పంచి గారితో ఒక ఫొటో దిగి స్పైరల్ బైండింగ్ చేయిస్తారు. ఇంటికి ఎన్ని మరుగుదొడ్లు, ఎన్ని సెల్‌ఫోన్లు అన్న ప్రశ్నలే కనుక పిల్లల్ని అనాలనీ అనిపించదు.

ఈసారి మా బ్యాచ్‌కి ఆ ఫారం పక్కన పెట్టించాను. ఒక్కొక్కరికి పది ఇళ్లు, ఒకటే కాగితం. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఇంట్లో ఎవరెవరు ఏమేం చేశారు?" గంటలవారీగా, ఆడవాళ్లని విడిగా అడిగి రాయాలి. ఇంటాయన చెప్పింది వేరే కాగితం మీద. రెండూ కలిపి క్లాసులో చదువుతాం. మొదటి విడత కాగితాలు వచ్చాయి. ఒకడు తన ఇంటినే పదో ఇల్లుగా రాసుకొచ్చాడు. వాళ్లమ్మ పేరు ఎదురుగా వృత్తి దగ్గర ముందు 'గృహిణి' అని రాసి, కొట్టేసి, రొయ్యల షెడ్డు, గేదెలు, చీటీలు, టైలరింగ్ అని రాశాడు. చోటు చాలక వెనక పేజీలోకి వెళ్లాడు. నాన్న చెప్పిన కాగితంలో మాత్రం గృహిణి అన్న మాట అలాగే ఉంది.